రెండో గీత

గోడ మీద తాటికాయంత అక్షరాలు. "తాత ఒడిలో కూర్చుని ఉలి పట్టిన చిన్నారి, ప్రకృతి తల్లి చెప్పే పాఠాలు వింటూ, తరతరాల కుటుంబ వారసత్వాన్ని తన వేళ్ల కొసల్లో..." తను చెక్కిన పలకని గోడకి బిగిస్తూ అక్కడిదాకా చదివి ఆమె నిచ్చెన దిగేసింది. మిగతాది కూడా చదివితే చేతిలో ఉన్న కొయ్యసుత్తి ఎటు పోతుందో తనకే నమ్మకం లేదు.

తాత ఒడిలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. తాత ఒడిలో ఎప్పుడూ రంపపు పొట్టు ఉండేది. పొట్టు దులిపేసుకున్నాక కునుకుపాట్లు ఉండేవి. మనవరాలు కార్ఖానా గడప మీద కాలు పెడితే చాలు, "చెదపురుగొచ్చిందిరా, చెక్క లోపల పెట్టండి" అని కేకేసేవాడు. అది ముద్దు పేరనుకుని ఇంట్లో అందరూ అందుకున్నారు. పెద్దయ్యేసరికి పురుగు రాలిపోయి చెద మిగిలింది. ఇప్పటికీ ఇంట్లో ఆమె చెదే.

రేపు ఈ సాంస్కృతిక కేంద్రం ప్రారంభం. ముందు హాల్లో గోడ పొడుగునా చెద చెక్కిన పలక ఉంటుంది. పాత దూలాలు కలిపి చేసింది. దాని పక్కన ఈ రాత ఉంటుంది. పలక చూడటానికి మెడ ఎత్తాలి, రాత చదవడానికి అక్కర్లేదు. జనం ఏం చేస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అవసరం లేదు.

కేంద్రం డైరెక్టరమ్మ అటుగా వచ్చింది. మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు. ఏం చూపించినా "అద్భుతం" అనడం ఆవిడ అలవాటు కనక చెద మనసులో ఆవిణ్ణి అద్భుతం గారనే పిలుచుకుంటుంది.

"బాగా కుదిరింది కదండీ?"

"ఎవరు రాశారు?"

"మావాళ్లేనండి. వివరాలు మీ అన్నయ్యగారిచ్చారు. ఎంత ప్రేమగా చెప్పారో! నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి."

"మా అన్నయ్య మాటలు వింటే నాకూ చెమరుస్తాయి. కారణం వేరు. సరే, ఈ ప్రకృతి తల్లి ఎవరండీ మధ్యలో?"

"అదేనండి, మీ పలకలో ఆ ఈకలు, ఆ నదీపాయలు..."

"అవి పురుగు తొలిచిన దారులు."

"ఔనా!" డైరెక్టరమ్మ మెడ ఎత్తి చూసింది. "అద్భుతం."

బెరడు కింద తల్లి పురుగు తిన్నగా ఒక నడవా తొలుస్తుంది. అటూ ఇటూ గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టీ పుట్టగానే దేని దారి అది పక్కలకి తినుకుంటూ పోతాయి. ఒళ్లు పెరిగేకొద్దీ దారి వెడల్పవుతుంది. బెరడు ఒలిచి చూస్తే అచ్చం ఈకలా ఉంటుంది. చెట్టు మాత్రం చస్తుంది. ప్రకృతి నుంచి చెద నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఇదే. తల్లీ లేదు, పాఠమూ లేదు. ఆకలి ఉంది, ఆకలికి దారి తెలుసు. పురుగు పట్టిన చెక్కని వాళ్ల ఇంట్లో పొయ్యిలోకి విసిరేసేవాళ్లు. ఆమె ఆ పొయ్యి దగ్గర నుంచి ఏరుకొచ్చిన ముక్కల మీదే బతుకు కట్టుకుంది.

"ఇందులో ఒక మాట కలపాలి" అంది చెద. "మా మేనత్త పేరు. నాకు పని వచ్చిందంటే ఆవిడ వల్ల. తాత పేరుండి, నాన్న పేరుండి, కనీసం సుత్తి కూడా పట్టని మా అన్నయ్య పేరుండి, ఆవిడ పేరు లేకపోతే ఈ పలక ఇక్కడ ఉండదు."

డైరెక్టరమ్మ మొహంలో మెత్తదనం కొంచెం గట్టిపడింది. "కుటుంబం తరఫున సమాచారం ఇచ్చింది మీ అన్నయ్యగారండి. ఆయన సరేనంటే నాకేం అభ్యంతరం? ఒక లైన్ పడుతుంది. ఈలోపు ఇటు రండి, మీకో మంచి విషయం చూపిస్తాను."

మంచి విషయం ఓ అద్దాల పెట్టె. లోపల ఎర్ర గుడ్డ మీద తాత ఉలులు వరసగా పడుకుని ఉన్నాయి. పిడి నుంచి మొన దాకా తళతళా మెరుస్తున్నాయి. చెద అద్దానికి ముక్కు ఆనించి చూసింది. వార్నిష్. పిడికే కాదు, ఇనుముకి కూడా. తాత కార్ఖానాలో ఒక నియమం ఉండేది: వార్నిష్ పడకుండా ఏ వస్తువూ గడప దాటకూడదు. అన్నయ్య ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. కుర్చీకి పూసినట్టే ఉలికీ పూసి పంపాడు. ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే వడ్రంగి ఇంట్లోనే పుట్టాలి, పని మాత్రం నేర్చుకోకూడదు.

"మరి ఈ మొనలకేమైంది?"

"పిల్లలొస్తారు కదండీ, గుచ్చుకోకూడదని. మీ అన్నయ్యగారే మెషీన్ మీద గుండ్రంగా అరగదీయించి పంపారు."

"అద్దాల పెట్టెలో ఉన్నవి పిల్లలకెలా గుచ్చుకుంటాయండీ?"

"రూలండి."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో చెదకి అప్పుడు తెలిసింది. పెట్టె తలుపు ఇంకా బిగించలేదు. తెరిచి, ఎర్ర గుడ్డతో సహా ఉలులన్నిటినీ మూట కట్టి చంకలో పెట్టుకుంది. "అయ్యో, రేపు ప్రారంభమండీ!" అంటూ డైరెక్టరమ్మ వెంటపడింది. "పెట్టె ఉందిగా, పెట్టెకి చెయ్యండి" అని చెద మెట్లు దిగిపోయింది.

ఆ మొనల సంగతి చెప్పాలంటే అత్త సంగతి చెప్పాలి.

ఆ ఇంట్లో ఆడవాళ్లు చెక్క ముట్టకూడదు. ఆడచెయ్యి తగిలితే చెక్క పగులుతుందని నమ్మకం. కానీ ఉలికి పదును పెట్టొచ్చు. ఇనుముకి ఆడా మగా తేడా లేదట, చెక్కకే ఉందట. తాతకి, నాన్నకి, బాబాయిలకి కావలసిన పదునంతా వెనక వసారాలో తయారయ్యేది. అక్కడ కాలితో తొక్కే సాన చక్రం ఉండేది. పైన నీళ్ల డబ్బా, దానికో చిల్లు. చక్రం ముందు నాన్న చెల్లెలు కూర్చునేది. ఆవిడ పెళ్లి సంగతి ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ తీరిక దొరకలేదు. వాళ్ల ఉలులకి మొద్దుబారే తీరిక మాత్రం రోజూ ఉండేది. అందరికీ ఆవిడ సాన అత్త.

పదును కుదిరిందో లేదో చూడాలంటే చెక్క మీద ఒక దెబ్బ వేసి గీత గీయాలి. మంచి చెక్క ఎవడిస్తాడు? పురుగు పట్టి పొయ్యికి రాసిపెట్టిన ముక్కలు వసారాలో పడేసి ఉండేవి. పదును చూసే చెక్కలని పేరు. వాటి మీద ఆడచెయ్యి పడినా నష్టం లేదు, ఎలాగూ కాలేవే. బడి నుంచి రాగానే చెద అక్కడ చేరేది. "ఈ ఉలి చూడు" అని అత్త ఇచ్చేది. చెద ఒక గీత గీసేది, దాని పక్కన ఇంకోటి. పురుగు వదిలేసి పోయిన దారి ఎటు పోతోందో చూసి, దాన్ని ఇంకాస్త ముందుకి సాగదీసేది. అడిగితే, పదును చూస్తున్నా అనేది. తప్పెలా పడతారు? తాత వారసత్వం అని ఇవాళ గోడకెక్కించిందంతా ఆ పొయ్యి కట్టెల మీద దొంగతనంగా నేర్చుకున్నదే. అందుకే ఆమెకి ఒళ్లు మండింది.

అన్నయ్య ఇప్పుడు తాత కార్ఖానాలో ప్లైవుడ్ అలమరాలు చేయిస్తాడు. చెద వెళ్లేసరికి మెషీన్ల హోరులో, మెడలో కొలత టేపు వేసుకుని, ఎవరితోనో ఫోన్లో "రేపు మనదే స్టేజీ" అంటున్నాడు. చెల్లెల్ని చూసి ఫోన్ పెట్టేశాడు.

"రావే చెదా, టీ తాగుతావా?"

చెద మూట విప్పి బల్ల మీద పరిచింది. "ఇవేంటి?"

"బావున్నాయా? మూడు పూతలు వేయించా."

"ఉలికి వార్నిష్ వేసినవాణ్ణి నిన్నే చూస్తున్నా అన్నయ్యా. రంపానికి కూడా రంగేసి, సుత్తికి జుబ్బా తొడగకపోయావా?"

"తాతవి కదే, మెరవాలి కదా. తుప్పు పట్టినవి పెడితే మన పరువేం కాను?"

"మొనలెందుకు తీయించావ్?"

"వాళ్లడిగారు. అయినా వాటితో ఇప్పుడెవడు పని చేస్తాడు?"

"నేను చేస్తా. అది పోనీ. రేపు గోడ మీద అత్త పేరుండాలి. వాళ్లకి ఫోన్ చేసి సరేనని చెప్పు."

అన్నయ్య నవ్వాడు. కోపం తెప్పించే నవ్వు కాదది, నిజంగానే నవ్వొచ్చింది పాపం. "అత్త పేరా? అత్త ఏం చేసిందే? సాన పట్టింది. సాన పట్టడం కూడా కళేనా? అయితే మీ వదిన గిన్నెలు తోమడం కూడా రాయించు."

"అలాగే రాయిస్తా. వదిన ఇంట్లోనే ఉందా? పిలువు, ఆవిడ ముందు ఇంకోసారి అను."

అన్నయ్య తలుపు వైపు ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు. "ఒసేయ్, పెద్దవాళ్లొస్తారు రేపు. వాళ్లకి ఓ కథ కావాలి. తాత, ఒడి, ఉలి... వినడానికి ఎంత బావుంది! నీకే కదా మంచిది?"

"కథే కావాలంటే నేను చెప్తా. స్టేజీ మీద నాకూ మైకిస్తారుగా. ఆడచెయ్యి తగిలితే చెక్క పగులుతుందన్న దగ్గర మొదలెడతా. నన్ను చెదపురుగని ఎందుకు పిలిచారో చెప్తా. చివర్లో మా అన్నయ్య వార్నిష్ వేసిన ఉలులు తెచ్చి అందరికీ చూపిస్తా."

అన్నయ్య టేపుని లాగి వదిలాడు. అది చటుక్కున డబ్బాలోకి పోయింది. "ఇంట్లో ఒకడైనా సుఖంగా ఉంటే నీకు నిద్రపట్టదు కదా" అని, ఫోన్ తీసి, డైరెక్టరమ్మతో తేనె గొంతుతో మాట్లాడాడు. చెద చెప్పిన లైన్ ఆవిడ రాసుకుంది: 'ఈ ఉలులకి జీవితాంతం పదును పెట్టిన చేతులు'. దాని కింద అత్త పేరు. అవతల నుంచి "అద్భుతం" అన్న మాట బల్ల ఇవతలికి కూడా వినపడింది.

గెలిచిన కోపం ఎంత బావుంటుందో గెలిచినవాళ్లకే తెలుస్తుంది. చెద మూట మళ్లీ కట్టుకుని, రెండేసి అడుగులు ఒకటిగా వేసుకుంటూ వెనక వసారాకి నడిచింది.

అత్త అక్కడే ఉంటుంది, వసారా పక్క గదిలో. ఇప్పుడు కార్ఖానాలో మొద్దుబారిన బ్లేడు తీసి పారేసి కొత్తది బిగిస్తారు. కనక ఆవిడకి పని లేదు. సాన చక్రం మీద తడి బట్టలు ఆరుతున్నాయి. అత్త కుర్చీలో కూర్చుని కాలి మడమ రాసుకుంటోంది. కుడి కాలు ఎడమ కాలి కంటే లావు. జీవితమంతా ఒకే కాలితో తొక్కితే అలాగే అవుతుంది.

"ఏంటే, మూట తెచ్చావ్? ఎవరింట్లో దొంగతనం?"

చెద ఒక ఉలి చేతికిచ్చింది. అత్త చూడకుండానే బొటనవేలు మొన మీద ఆనించింది. ఆగింది. మళ్లీ ఆనించింది.

"ఏ వెధవ చేశాడే ఇది?"

"నీ మేనల్లుడు."

"వీపు గోక్కోవడానికి బావుంటుంది" అని తిరిగి ఇచ్చేసింది.

చెద నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. తను వేసిన ప్రతి చురకా, అన్నయ్య మింగిన ప్రతి గుటకా వదలకుండా చెప్పింది. చివర్లో ఆ లైన్ కూడా చెప్పింది. అత్త పొంగిపోతుందని, లేకపోతే కనీసం కళ్లు తుడుచుకుంటుందని అనుకుంది. డైరెక్టరమ్మని వెక్కిరించినవాళ్లు కూడా ఒక్కోసారి డైరెక్టరమ్మలాగే ఆలోచిస్తారు.

"చేతులు" అంది అత్త.

"ఆ. కింద నీ పేరు."

"సాన పట్టడం నాకిష్టమని నీతో ఎప్పుడైనా చెప్పానా?"

చెదకి అర్థం కాలేదు. "ఇష్టమని కాదు అత్తా. నువ్వు చేసిన పనికి గుర్తింపు..."

"నీ గుర్తింపు తగలెయ్య. ఒకణ్ణి ఏళ్ల తరబడి జైల్లో పడేసి, బయటికొచ్చాక ఆ జైలు గోడకి నీ పేరు పెట్టామంటే, వాడు చంకలు గుద్దుకుంటాడా? నన్నొచ్చి ఒక్క మాట అడిగావా? పోయి మీ అన్నతో పోట్లాడొచ్చావ్. మీ తాత నన్నడక్కుండా చక్రం ముందు కూర్చోబెట్టాడు. నువ్వు నన్నడక్కుండా గోడెక్కించావ్. ఏంటే తేడా?"

"మరి నాకెందుకు నేర్పావ్?"

"నేర్పానా?" అత్త లేచి నిలబడింది. ఆవిడ గొంతు అంత పైకి లేవగా చెద ఎప్పుడూ వినలేదు. "నాకు ఒక్క గీతేనే. ఒక్క దెబ్బ. పదును చూశావు, ఇంక చాలు. రెండో దెబ్బ చప్పుడైతే ముందు నుంచి మీ తాత 'ఏంటే అక్కడ?' అనేవాడు. చెవులా అవి! నువ్వు కూర్చుని గీత మీద గీత గీస్తుంటే ఆయనకెందుకు వినపడలేదనుకున్నావ్? నేను ఉత్తినే చక్రం తొక్కుతూ కూర్చున్నా కనక. ఉలి పెట్టకుండా, గరగరమని. నీకోసం నేను తొక్కాను. నాకోసం ఎవరు తొక్కారే?"

పొద్దుట్నుంచీ ఊరందరి మీదా పంచి పెట్టిన కోపమంతా తిరిగి తన ఒళ్లోకే వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు ఆ చక్రం హోరు ఆమెకి జోలపాటలా ఉండేదని ఒకసారి ఎక్కడో పత్రికలో చెప్పింది కూడా. సిగ్గేసింది. సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది.

ఫోన్ తీసి డైరెక్టరమ్మకి చేసింది. "ఆ లైన్ తీసేయండి."

"ఇప్పుడే అతికించామండీ! మరి దాని బదులు ఏం రాయమంటారు?"

"ఏం రాయొద్దు. తాతనీ, ఒడినీ కూడా తీసేయండి. పలక, పురుగు తిన్న దూలాలు అని రాయండి చాలు. కాదంటే రేపు పొద్దున్నే వచ్చి నా పలక నేను విప్పుకుపోతా."

ఈసారి అటు నుంచి అద్భుతం వినపడలేదు. "సరేనండి" అని నీరసంగా వచ్చింది.

అత్త ఈ మాటలేవీ విననట్టు సాన చక్రం మీది బట్టలు తీసి తీగ మీద వేస్తోంది. తర్వాత నీళ్ల డబ్బా నింపి పైన పెట్టింది. తను కూర్చునే పీటని కాలితో చెద వైపు తోసింది.

"కూర్చో. సాన పట్టు."

"నేనా?"

"మరి నేనా? నేను పట్టింది చాలదా?"

చెద కూర్చుంది. చాలా ఏళ్లుగా తన ఉలులకి తనే చిన్న రాయి మీద పదును పెట్టుకుంటోంది. కానీ ఈ చక్రం వేరు. వార్నిష్ వేడెక్కి రాయికి బంకలా అంటుకుంది. గుండ్రంగా అరగదీసిన మొన ఎంతకీ తేరుకోదు. పిక్క లాగేసింది. నడుం పట్టేసింది. అత్త కుర్చీలో వెనక్కి వాలి, అచ్చం తాతలాగే, చెయ్యి తిప్పుతూ పురమాయిస్తోంది.

"నీళ్లు పడనీవే, ఇనుము కాలిపోతోంది. అటు మూల వదిలేశావ్. ఏదీ చూడనీ. ఇది పదునా? పసిపిల్లకి పళ్లొస్తున్నట్టుంది. మళ్లీ పట్టు."

"నన్ను చంపుతావా అత్తా?"

"ఒక్క ఉలికే? మీ బాబాయిలు పొద్దున్నే తలా ఆరు ఉలులు తెచ్చి పడేసేవాళ్లు. పట్టు."

చివరికి మొన మీద వెలుగు సన్నటి దారంలా నిలిచింది. అత్త వేలితో చూసి పెదవి విరిచింది. అయినా తీసుకుంది. వసారా మూల నుంచి ఒక పాత చెక్క తెచ్చి, మోకాళ్ల మధ్య బిగించి, సుత్తి ఎత్తింది.

మొదటి గీత వెన్నలో వేలు పెట్టినంత సాఫీగా దిగింది. జీవితమంతా వేసిన దెబ్బ అది. తర్వాత అత్త చెయ్యి ఆగిపోయింది. ఎటు పోవాలో ఆ చేతికి తెలియదు. ఎప్పుడూ అక్కడితో ఆపేసిన చెయ్యి. ఉలి కాస్త జరిపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. కళ్లు మూసుకున్నంత పని చేసి కొట్టింది. ఉలి పొర పట్టుకుని జారింది, చెక్క నిలువునా ఫెళ్లున పగిలింది.

ఇద్దరూ ఆ రెండు ముక్కల్నీ చూశారు.

"ఆడచెయ్యి" అంది అత్త. "మీ తాత చెప్పనే చెప్పాడు." పగిలిన ముక్కల్ని తీసి గోడకేసి విసిరికొట్టింది. "ఇంకోటి తే."

చెద ఇంకోటి తెచ్చిచ్చింది. ఇలా పట్టుకో అని చెప్పబోయి, నాలుక కరుచుకుని పీట మీద కూర్చుంది. అత్త సుత్తి ఎత్తేసరికి, అప్పట్లో అత్త చేసిన పనే గుర్తొచ్చిందో ఏమో, చెద కాలు దానంతటదే సాన తొక్కడం మొదలెట్టింది. ఉలి లేని చక్రం గరగరమంది.

అత్త సుత్తి దించింది. "ఎందుకు తొక్కుతున్నావ్?"

చెద కాలు ఇంకా తొక్కుతూనే ఉంది.

"ఆపవే. విననీ."

చక్రం ఆగింది. మొదటి దెబ్బ. దాని పక్కనే రెండోది, వంకరగా, మొరటుగా, చెక్కని తవ్వేసినట్టు పడింది. ఈసారి పగల్లేదు. మూడోది ఇంకా గట్టిగా. ముందు కార్ఖానాలో మెషీన్ ఆగిన చప్పుడైంది.

"ఏంటత్తా అక్కడ?" అని అన్నయ్య కేకేశాడు.

అత్త తలెత్తలేదు. ఉలిని ఇంకాస్త పక్కకి జరిపి, సుత్తిని మొదటికంటే పైకెత్తింది.